పరిగెత్తని కంచరగాడిదలు

నెల్డా ప్రూయిట్‌కి ముప్పైతొమ్మిదో ఏడు నడుస్తోంది. పద్నాలుగేళ్ళుగా ఆమె పని ఇంకొకరి బదులు కింద పడటం. గుర్రం మీంచి పడింది, మేడమెట్ల మీంచి పడింది, ఒకసారి వంతెన మీంచి ఏట్లోకి కూడా పడింది. హీరోయిన్ కెవ్వుమని అరవడానికీ, లేచి గౌను దులుపుకోవడానికీ మధ్య తెరమీద రెండు క్షణాలు గడుస్తాయే, ఆ రెండు క్షణాలూ నెల్డావి. మొహం కెమెరాకి చిక్కకుండా పడటమే అందులో విద్య. ఆ విద్యలో ఆమెను మించినవాళ్ళు హాలీవుడ్‌లో లేరని డైరెక్టర్లు చెప్పుకునేవాళ్ళు. చెప్పుకునేవాళ్ళే గానీ వాళ్ళలో సగం మందికి ఆమె పేరు గుర్తుండేది కాదు.

1947 జూన్‌లో సినిమా కంపెనీ లోన్ పైన్ అనే చిన్న ఊళ్ళో దిగింది. తీస్తున్నది నవ్వుల సినిమా. పట్నం నుంచి వచ్చిన పొగరుబోతు పంతులమ్మా, అక్షరమ్ముక్క రాని పశువుల ఆసామీ గంటన్నరసేపు కుక్కాపిల్లుల్లా పోట్లాడుకుని చివరికి పెళ్ళి చేసుకుంటారు. పంతులమ్మ కొరిన్ డెవెరో. ఆమెకి డూపు నెల్డా.

మధ్యాహ్నం భోజనం గంట కొడితే నెల్డాకి ప్రతిరోజూ ఒకటే చిక్కు, ఎక్కడ కూర్చోవాలని. నటీనటులకి గుడారం నీడలో బల్ల. గుర్రాల మీంచి పడేవాళ్ళూ లేచేవాళ్ళూ అంతా మగవాళ్ళు, ఒక చోట చేరి బూతుజోకులేసుకుంటారు. ఆమె వెళ్తే జోకు మధ్యలో ఆపి, "రండి రండి" అంటారు. ఆ తర్వాత ఎవరూ ఏమీ మాట్లాడరు. కుట్టుపని, జుట్టుపని చేసే ఆడవాళ్ళది ఇంకో బల్ల. వాళ్ళ కళ్ళు ఆమె మోచేతుల మీది మచ్చల మీదికి పోతాయి. అందుకని నెల్డా పళ్ళెం పట్టుకెళ్ళి సామాన్ల లారీ మెట్టు మీద కూర్చుని తినేది. పద్నాలుగేళ్ళలో ఎన్ని లారీల మెట్ల మీద తిన్నదో లెక్కలేదు.

మూడోరోజు కంచరగాడిదలు వచ్చాయి.

సినిమాలో ఒక ఘట్టం ఉంది. ఆసామి మీద కోపంతో పంతులమ్మ అతని బండి తనే తోలుకుపోబోతుంది. నాలుగు గాడిదలూ బెదిరి, బండిని లాక్కుని మైదానానికి అడ్డంపడి పారిపోతాయి. ఆ గాడిదల్ని సరఫరా చెయ్యడానికి వచ్చినవాడు ఓరిన్ హాచ్. ఆ ఊరివాడే. నలభైఆరేళ్ళుంటాయి. ఎండకి తోలులా మారిన మెడ, అందులోకి కుదించుకున్నట్టుండే తల. భార్య పోయి పదకొండేళ్ళయిందని, పిల్లల్లేరని, వంటవాడు బంగాళాదుంపలు చెక్కుతూ చెప్పాడు.

నెల్డా పంతులమ్మ గౌను వేసుకుని, బంగారురంగు విగ్గు పెట్టుకుని, పగ్గాలు పట్టుకుని నిలబడింది. డైరెక్టర్ లడ్లో చెయ్యి ఊపాడు. వెనకనుంచి తుపాకులు పేలాయి. గాడిదలు పెళ్ళి ఊరేగింపులో నడిచినట్టు నడిచాయి. తోకలకి డబ్బాలు కట్టారు. నడిచాయి. చక్రాల కింద టపాకాయలు పెట్టారు. ముందున్న పెద్ద గాడిద, దాని పేరు జడ్జి, ఆగి వెనక్కి తిరిగి, చుట్టాలింట్లో అల్లరి చేసే పిల్లల్ని చూసినట్టు అందర్నీ ఒకసారి చూసింది.

నెల్డా బండి దిగి ఓరిన్ దగ్గరికి వెళ్ళింది.

"ఏమయ్యా, ఇవి కదలవేం?"

"కదులుతున్నాయి కదమ్మా. నడుస్తున్నాయి."

"నడవడం కాదయ్యా బాబూ. బెదిరి పారిపోవాలి."

"బెదరవండీ. బెదరకుండా ఉండటం నేర్పడానికి నాకు నాలుగేళ్ళు పట్టింది. ఇప్పుడు ఒక పూటలో మర్చిపొమ్మంటే అవి మాత్రం ఏం చేస్తాయి?"

"అయితే ఆ ముక్క ముందే చెప్పొద్దూ?"

"మంచి గాడిదలు కావాలన్నారు. తెచ్చాను. చెడ్డవి కావాలని ఎవరూ అడగలేదు."

వెనకాల లడ్లో టోపీ తీసి నేలకేసి కొట్టాడు. నెల్డాకి నవ్వొచ్చింది. చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుంది. ఓరిన్ మొహంలో మాత్రం ఏ మార్పూ లేదు. అన్న మాటలో వేళాకోళం ఉందో లేదో పోల్చుకోలేకపోయింది.

ఉపాయం దొరికింది కూడా ఆమెకే. భోజనాల వేళ ఓరిన్ ఎక్కడో దూరంగా, రాళ్ళగుట్ట దగ్గర, దాణా బకెట్టుని కర్రతో టంగు టంగుమని కొట్టాడు. అంతే. నాలుగు గాడిదలూ బండితో సహా లేచి ఉరికాయి. దారిలో ఉన్న వంటవాడు బంగాళాదుంపల బుట్టలో పడ్డాడు. నెల్డా పళ్ళెం కింద పెట్టి డైరెక్టర్ గుడారానికి పరిగెత్తింది.

ఇంక ఏర్పాటు ఇలా జరిగింది. కెమెరాలు మైదానానికి ఈ చివర. ఆ చివర, అరమైలు అవతల, రాళ్ళచాటున ఓరిన్ బకెట్టుతో నిలబడతాడు. ఈవైపు జెండా ఊపగానే వాయిస్తాడు.

మొదటిసారి గాడిదలు పరుగు లంకించుకున్నప్పుడు నెల్డా కాళ్ళకింద బండి పలకలు పియానో మెట్లలా ఎగిరెగిరి పడ్డాయి. టోపీ పోయింది. ధూళికి కళ్ళు మూసుకుపోయాయి. అరవాల్సిన చోట అరిచింది, ఊగాల్సిన చోట ఊగింది. ఆ ధూళి చివర ఒక మనిషి. మైదానమంతటికీ ఒక్కడే. కర్రతో బకెట్టు కొడుతూ, ఆమె వస్తున్నవైపే చూస్తూ. తన బతుకులో ఏ మనిషి వైపూ అంత వేగంగా తను వెళ్ళలేదని నెల్డాకి ఎందుకో తట్టింది.

గాడిదలు ఆగి, బకెట్లో మూతులు పెట్టాయి. అవి అలుపు తీర్చుకోవాలి. అటు కెమెరాల్లో ఫిల్ము మార్చుకోవాలి. అరగంట. రాళ్ళ నీడలో ఓరిన్ గుడ్డమూట విప్పాడు. ఉడకబెట్టిన గుడ్లు, చల్లారిన బీన్సు, ఇంట్లో కాల్చిన గట్టి రొట్టె.

"తింటారా?" అన్నాడు.

నెల్డా నేలమీద చతికిలబడింది. ఎదురుగా ఎవరో కూర్చుని ఉండగా తిని ఎన్నాళ్ళయిందో.

"పడేటప్పుడు భయమెయ్యదా?" అని అడిగాడతను, గుడ్డు ఒలుస్తూ.

"పడేటప్పుడు ఏముంటుంది, పడటమే. పడ్డాక ఉంటుంది. నేను లేచి మోకాళ్ళు తడుముకునేసరికి అందరూ పరిగెడుతుంటారు, ఆవిడ మొహానికి పౌడరద్దడానికి. అప్పుడు కొంచెం..."

అంతటితో ఆపేసింది. ఓరిన్ ఇంకో గుడ్డు పెంకు ఒలిచి, ఉప్పు అద్ది, చేతికిచ్చాడు.

రెండోసారి తీస్తుంటే ఆకాశంలో విమానం వచ్చింది. మూడోసారి విగ్గు ఎగిరిపోయి ముళ్ళపొదలో చిక్కుకుంది. కత్తిరించిన నెరిసిన జుట్టుతో నెల్డా రాళ్ళచాటుకి వచ్చింది. ఓరిన్ వెళ్ళి విగ్గు పట్టుకొచ్చి, అందులో ముళ్ళు ఒక్కొక్కటే ఏరుతూ కూర్చున్నాడు.

"మీ అసలు జుట్టే బావుంది," అన్నాడు, విగ్గుతో అంటున్నట్టు.

"పాపం, నీ కళ్ళకి చత్వారం వచ్చినట్టుందయ్యా."

"దూరపు చూపు బానే ఉంది. అరమైలు నుంచి పోల్చుకుంటున్నాగా."

గుర్రమెక్కి ఒకతను కబురు తెచ్చాడు. ఇంకొక్కసారి కావాలట, గాడిదలు ఓపుతాయా అని డైరెక్టర్ అడుగుతున్నాడట. ఓరిన్ జడ్జి వైపు చూశాడు. నెల్డా వైపు చూశాడు. "ఓపుతాయి," అన్నాడు.

నాలుగోసారి, సగం దారిలో, ఎడమవైపు చక్రం ఊడింది. పడటం నెల్డాకి వెన్నతో పెట్టిన విద్యే, కానీ ఈ పడటం ఎవరూ రాసిపెట్టింది కాదు. బండి ఆమెను ఒకవైపుకీ, నేల ఇంకోవైపుకీ లాగాయి. కళ్ళు తెరిచేసరికి ఎవరో తలకింద చెయ్యి పెట్టి ఉన్నారు. బకెట్టు ఇంకా అతని రెండో చేతిలోనే ఉంది. కాసేపటికి లడ్లో వచ్చి, వంగి, "బంగారం! అద్భుతం! అంతా కెమెరాలో పడింది!" అన్నాడు.

తుంటి ఎముక చిట్లింది. చీలమండ విరిగింది. నెల్డాని ఊళ్ళోని చిన్న ఆసుపత్రిలో చేర్పించి, మర్నాడు కంపెనీ లాస్ ఏంజిలెస్ వెళ్ళిపోయింది. మిగిలినవి స్టూడియోలో తియ్యాల్సిన ముద్దుల దృశ్యాలే. వాటికి డూపు అక్కర్లేదు.

కొరిన్ డెవెరో బండిలోంచి పడి ఆసుపత్రిలో ఉందని ఊళ్ళో ఎలాగో పుకారు పుట్టింది. నాలుగోరోజు ముగ్గురు పెద్ద ఆడవాళ్ళు, చర్చికి వెళ్ళేటప్పటి టోపీలు పెట్టుకుని, మూడంతస్తుల కేకు మోసుకుని గదిలోకి వచ్చారు. కేకు మీద పంచదార అక్షరాలతో 'కొరిన్' అని రాసి ఉంది. మంచం మీదున్న మనిషిని చూసి గుమ్మంలోనే ఆగిపోయారు.

"ఆవిడ... నిద్రపోతున్నారా?" అంది ఒకామె.

"ఆవిడ వెళ్ళిపోయారండి. పడింది నేను," అంది నెల్డా.

ముగ్గురూ మొహమొహాలు చూసుకున్నారు. ఏమీ ఇవ్వకుండా పోతే బావుండదు, కేకు వదిలేసి పోవడానికి మనసొప్పదు. చివరికి అందర్లోకీ పెద్దామె కత్తి తెప్పించి, మర్యాదగా ఒక ముక్క కోసి పళ్ళెంలో పెట్టి, "తొందరగా కోలుకోమ్మా," అని దీవించి, మిగతాది ఎత్తుకుపోయింది. నెల్డా వంతుకి వచ్చిన ముక్కమీద 'రి' ఒక్కటే ఉంది. ఆమె నవ్వుకుంటూనే తినడం మొదలుపెట్టింది. సగంలో పళ్ళెం పక్కన పెట్టేసింది. గోడవైపు తిరిగి పడుకుంది.

ఓరిన్ మాత్రం రోజూ వచ్చేవాడు. బూట్లకి పేడ ఉంటుందని లోపలికి వచ్చేవాడు కాదు. బయట కిటికీ దగ్గర నిలబడి, చువ్వల్లోంచి కబుర్లు చెప్పేవాడు. కబుర్లంటే, జడ్జి దాణా సరిగ్గా తినడంలేదని, పడమటి గాలి పెరిగిందని. ఆ తర్వాత టోపీ చేతుల్లో తిప్పుతూ నిలబడేవాడు. నెల్డా పొద్దున్నుంచీ ఆ టోపీ కోసం చూసేది. చూస్తున్నానని తనకే ఒప్పుకునేది కాదు.

ఇరవయ్యోరోజున అన్నాడు:

"నా ఇల్లు ఊరికి మూడుమైళ్ళు. రెండు గదులు. నీళ్ళకి కొదవలేదు."

"అయితే?"

"అయితే ఏముంది. మీరుండొచ్చు."

"కాలు బాగయ్యేదాకానా?"

"బాగయ్యాక కూడా." టోపీ ఒకసారి తిప్పి, "చర్చిలో చెప్పించుకుని," అన్నాడు.

నెల్డా మంచం మీద లేచి కూర్చోబోయింది. కానీ అతని మొహం చూసింది. పెళ్ళాడమని అడుగుతున్నవాడి మొహంలా లేదది. తప్పు చేసి పట్టుబడ్డవాడి మొహంలా ఉంది.

"ఎందుకయ్యా, నువ్వు బకెట్టు కొట్టావనా? నువ్వు కాకపోతే ఇంకొకడు కొట్టేవాడు. చక్రం నువ్వు ఊడగొట్టలేదుగా."

అతను చువ్వల మీంచి చెయ్యి తీసేశాడు.

"నా మీద జాలిపడేవాళ్ళు నాకొద్దు, ఓరిన్. అవిటిదాన్ని ఉద్ధరించానని రోజూ కాఫీ పోసిస్తావు. అది నాకు దిగదు."

కాదని ఒక్కమాట అంటాడేమోనని ఆగింది. అతను టోపీ పెట్టుకుని వెళ్ళిపోయాడు. మర్నాడు రాలేదు. ఆ మర్నాడు నెల్డా చంకల్లో కర్రలతో, కాలికి పిండికట్టుతో బస్సెక్కింది.

లాస్ ఏంజిలెస్‌లో ఆమెది ఒకరి పెరటివైపు అద్దెగది. మంచం, గ్యాసు పొయ్యి, నడవాలో అందరికీ కలిపి ఒక ఫోను. పిండికట్టు తీశాక కాలు కొంచెం పొట్టిదయింది. స్టూడియోకి వెళ్ళింది. "కబురు చేస్తాం లెండి," అన్నారు, చాలా మంచిగా. ఆమె చోట ఇరవైరెండేళ్ళ పిల్ల ఒకతె గుర్రాలు దూకిస్తోంది. బాగానే దూకిస్తోంది. నెల్డా ఇంటికొచ్చి తలుపు తీసిపెట్టుకుని కూర్చుంది, ఫోను వినబడాలని. ఫోను మోగుతూనే ఉండేది, ఎదుటి గది నర్సుకి, పైగది సేల్స్‌మాన్‌కి. ఎవరైనా ఫోనెత్తి, "ఎవరు కావాలండీ?" అనగానే ఊపిరి బిగబట్టేది. అలా ఆగస్టు సగం గడిచింది. ఒక వారం మొత్తంలో తను మాట్లాడిన మాటలు లెక్కపెట్టుకుంటే, రొట్టెల కొట్లో అన్నవి తప్ప ఏమీ తేలలేదు.

అప్పుడొక కార్డు వచ్చింది. పెన్సిలుతో, పెద్దపెద్ద అక్షరాలు.

'గాడిదలు బావున్నాయి. జడ్జి నన్ను కరిచింది. పట్నం వాళ్ళు చేపలు పట్టాలని వస్తున్నారు, సామాను మొయ్యడానికి కొండమీదికి పోతున్నాను. సెప్టెంబరు ఆఖరుకి దిగుతాను. ఇంటికి తాళం వెయ్యడం లేదు. ఓ. హాచ్.'

నెల్డా చదివి, ఇంత మాత్రానికి కార్డెందుకూ అనుకుంది. సాయంత్రం మళ్ళీ చదివింది. మూడోరోజు పొయ్యి దగ్గర నిలబడి చదువుతుంటే చివరి వాక్యం దగ్గర కన్ను ఆగింది. కొండమీద నెలన్నర ఉండబోయేవాడు, ఇంటికి తాళం వెయ్యడం లేదని ఎవరికైనా కార్డు రాసి చెబుతాడా?

సెప్టెంబరు మొదట్లో మళ్ళీ బస్సెక్కి లోన్ పైన్‌లో దిగింది. ఊళ్ళోంచి ఆ మూడుమైళ్ళూ కుంటుకుంటూ నడిచి వెళ్ళింది. తలుపు నెట్టగానే తెరుచుకుంది. రెండు గదులు, అతను చెప్పినట్టే. ఎవరూ లేరు. కొండనుంచి గాలి దిగితే రేకుల కప్పు మూలిగేది. నెల్డాకి ఒంటరితనం కొత్త కాదు, అందులో రకాలున్నాయన్నది మాత్రం కొత్తగా తెలిసింది. అక్కడ ఫోను కోసం చెవులు పెట్టుకుని కూర్చునేది. ఇక్కడ ఫోనే లేదు. పొద్దున లేచి కొండదారి చూసేది. ఖాళీగా ఉంటే పనిలో పడేది. కొట్టంలో తెగిన పగ్గాలు, జీను పట్టీలు కుప్పలుగా ఉన్నాయి. సూదీ మైనపుదారం వెతుక్కుని ఒక్కొక్కటీ కుట్టింది. కొన్ని రోజులు ఇది పిచ్చితనమని కూడా అనిపించింది. అతను వచ్చి, మీరెందుకొచ్చారని అడిగితే? వాక్యాన్ని తనే అపార్థం చేసుకుని ఉంటే? మూటకట్టి రెండుసార్లు గేటుదాకా వెళ్ళింది. రెండుసార్లూ, ఇంకా ఒక పట్టీ మిగిలుందని వెనక్కి వచ్చింది.

ఇరవైరెండోరోజు, పొద్దు వాలుతుండగా, దారి మలుపులో ధూళి లేచింది. పదకొండు గాడిదలు వరసగా దిగాయి. ఓరిన్ గేటు దగ్గర ఆగాడు. గడ్డం పెరిగి బూడిదరంగులో ఉంది. టోపీ తీశాడు.

"కాలెలా ఉంది?"

"వానొచ్చే ముందు చెబుతోంది."

"ఇక్కడ వానలు రావు లెండి," అన్నాడు.

గాడిదల బరువులు దించేసరికి చీకటిపడింది. ఇద్దరూ కలిసే దించారు. లోపల నెల్డా బీన్సు వేడిచేసి వడ్డించింది. ఇంట్లో రేకు కంచం ఒక్కటే ఉంది. పదకొండేళ్ళుగా రెండోదాని అవసరం పడలేదు. ముందు అతన్ని తినమంది. ముందు ఆమెను తినమన్నాడు. కంచం మధ్యలో చల్లారిపోతోంది.

"ఒక సంగతి చెప్పాలి," అన్నాడు ఓరిన్, కంచం వైపే చూస్తూ. "ఆరోజు గాడిదలు ఓపుతాయా అని అడిగారు చూడండీ. ఓపలేవు. జడ్జికి కాళ్ళు వణుకుతున్నాయి. బండి చక్రం కిర్రుమంటోంది, అదీ విన్నాను. చాలు అనాల్సింది. అనలేదు."

"ఎందుకని?"

"మీరు ఇంకొక్కసారి అలా వస్తే చూద్దామనిపించింది."

నెల్డా కంచం పక్కకి జరిపింది. ఆ ఒక్కసారి కోసం తన కాలు పోయింది. తన పని పోయింది. కోపం రావాలి. వచ్చింది కూడా. దాని వెనకాలే ఇంకేదో కూడా వచ్చింది.

"ఈ మాట ఆరోజు కిటికీ దగ్గర చెప్పడానికి ఏమొచ్చింది నీకు?"

"చెబితే తిట్టేవారు."

"తిట్టేదాన్ని. తిట్టి, ఉండిపోయేదాన్ని."

ఓరిన్ తల ఎత్తలేదు. "ఇప్పుడు తిట్టండి," అన్నాడు.

తిట్టింది. పద్నాలుగేళ్ళు గుర్రపువాళ్ళ మధ్య తిరిగిన మనిషి, తిట్లకి తడుముకోలేదు. అతను చేతులు కట్టుకుని అన్నీ విన్నాడు. అయ్యాక లేచి, తన పక్కబట్టలు వసారాలో పరుచుకుని, గది ఆమెకి వదిలేశాడు.

అక్టోబరు రెండోవారంలో జిల్లా కచేరీలో పెళ్ళి చేసుకున్నారు. సాక్షులుగా ఎవర్ని తేవాలో ఇద్దరికీ తోచలేదు. నడవాలో ఏదో దావా పని మీద కూర్చున్న ఇద్దరు పెద్దమనుషుల్ని బతిమాలితే, వచ్చి సంతకాలు పెట్టి, చేతులు కలిపి, తమ దావా చూసుకోవడానికి వెళ్ళిపోయారు.

వచ్చేటప్పుడు ఓరిన్ సామాన్ల కొట్టు ముందు బండి ఆపి, రెండో కంచం తెస్తానని లోపలికి వెళ్ళాడు. అట్టపెట్టె మోసుకుంటూ వచ్చాడు. విప్పితే ఆరు పింగాణీ కంచాలు, అంచున నీలిగీత.

"ఆరెందుకయ్యా? మనింటికి వచ్చేవాళ్ళెవరు?" అంది నెల్డా.

"విడిగా అమ్మరట," అన్నాడు.

రెండింటిని కడిగి బల్లమీద పెట్టారు. ఆ చలికాలమంతా ఎదురెదురుగా కూర్చుని వాటిలోనే తిన్నారు, ఎక్కువ మాటల్లేకుండా. మిగతా నాలుగూ పాతపేపరు చుట్టలు విప్పకుండానే పై అరలో ఉండిపోయాయి. అప్పుడప్పుడు నెల్డా స్టూలెక్కి, ఆ చుట్టల మీద పేరుకున్న దుమ్ము గుడ్డతో తుడిచి, మళ్ళీ అక్కడే సర్దిపెట్టేది.